దిక్కు తెలియని మోత

సినిమా హాళ్లలో సౌండ్ బిగించే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఊఫర్ ఎక్కడ పెడితే బాగుంటుందండీ?"

ఉద్యోగంలో చేరిన మొదటి ఇరవై ఏళ్లలో అయితే ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు మాత్రం హాలు చూడకుండా చెప్పలేనంటాను. హాలు చూశాక కూడా చాలాసార్లు చెప్పలేకపోతాను. వాళ్ల మొహాలు చిన్నబోతాయి. రెండు గోదావరి జిల్లాల్లో ఇన్ని హాళ్లు తిరిగిన మనిషి ఇంత తికమకగా మాట్లాడతాడేంటని అనుకుంటారేమో. అనుకోవడంలో తప్పులేదు. నాకూ అలాగే అనిపిస్తుంది. ఈ తికమక నాకు ఎలా పట్టుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో ఎప్పుడు పైకెళ్లానో, ఎవరు సన్మానం చేశారో ఇందులో ఉండదు.

తెర వెనక డబ్బాలు

నేను రాజమండ్రిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, హాళ్లకి సౌండ్ సామాను అమ్మి బిగించే ఒక చిన్న కంపెనీలో చేరాను. ప్రేక్షకుడికి కనిపించే స్పీకర్లు పక్క గోడల మీదా వెనక గోడ మీదా వేలాడేవి మాత్రమే. అసలు బరువంతా తెర వెనక ఉంటుంది. అక్కడ బీరువా అంతేసి డబ్బాలు నేల మీద కూర్చుని ఉంటాయి. అవే సబ్ ఊఫర్లు. బాంబు పేలినా, ఏనుగు అడుగు వేసినా, రైలు వంతెన దాటినా ఆ లోతైన మోత అంతా వాటిలోంచే వస్తుంది. మేం దాన్ని బేస్ అంటాం.

ఇక్కడ ఒక చిన్న సంగతి తెలుసుకోవాలి. కుడి పక్క గాజులు గలగలమంటే ఆ చప్పుడు కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి వెంట్రుకవాసి ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాని బట్టి మనకి దిక్కు తెలుస్తుంది. బేస్ అలా కాదు. నలభై హెర్ట్జ్ మోతలో ఒక్కొక్క అల పొడవు ఇరవై ఎనిమిది అడుగులు. అంత అల ముందు మన తల ఎంత? రెండు చెవులకీ ఇంచుమించు ఒకేలా తగులుతుంది. పైగా గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి హాలంతా నిండిపోతుంది. అందుకని ఎనభై హెర్ట్జ్‌కి దిగువన ఉన్న శబ్దం ఎటు నుంచి వస్తోందో మనిషి చెవి పట్టలేదని మేం చదువుకున్నాం.

సరౌండ్ సిస్టమ్‌లో సగం మాయ ఈ లోపం మీదే నడుస్తుంది. సినిమాలో లారీ మన కుడి పక్క నుంచి వెళ్తుంది. దాని హారనూ టైర్ల చప్పుడూ కుడి గోడ మీది చిన్న స్పీకర్లు పలుకుతాయి. దాని గురగుర మాత్రం తెర వెనక డబ్బాలోంచి వస్తుంది. కానీ ప్రేక్షకుడు లారీ మొత్తం తన కుడి భుజం పక్క నుంచే వెళ్లిందని నమ్ముతాడు. ఈ మాట చెప్పినప్పుడల్లా హాలు యజమానులు నోరు తెరుచుకుని వినేవారు. నాకు అది బాగుండేది. నాకు తెలిసింది పూర్తిగా నిజమని గట్టి నమ్మకం.

రెండు పెడితే తగ్గింది

ఆ నమ్మకం మొదటి ఏడాదే కొంచెం కదలాల్సింది. తణుకు దగ్గర ఒక పాత హాల్లో ఒక ఊఫర్ ఉండేది. యజమాని మోత చాలడం లేదని రెండోది కొన్నాడు. బిగించమని నన్ను ఒక్కణ్ణే పంపారు. బిగించి ఆన్ చేశాను. మోత పెరగాల్సింది పోయి, ఉన్నది కూడా పోయింది. ఊఫర్లలో గాలి ఆడుతున్నట్టు ఉంది తప్ప ఛాతీకి తగలడం లేదు.

రెండు రోజులు తంటాలు పడ్డాను. ఆంప్లిఫయర్ మార్చాను. తీగలు మార్చాను. డబ్బాలు ఒకదానికొకటి దూరం జరిపాను. యజమాని గుమ్మం దగ్గర నిలబడి, "ఒకటున్నప్పుడు మోగింది, రెండు పెడితే మూగబోయింది. ఇదేం లెక్కండీ?" అన్నాడు. ఒకటీ ఒకటీ కలిపితే సున్నా ఎలా అవుతుందో నాకు బుర్రకెక్కలేదు.

మూడో రోజు పొద్దున్న మా పై అధికారి మూర్తి గారు బస్సులో వచ్చారు. జేబులోంచి టార్చిలైటు బ్యాటరీ ఒకటి తీశారు. మొదటి ఊఫర్ తీగలకి దాన్ని తాకించారు. లోపలి అట్ట ముందుకి ఉబికింది. రెండోదానికి తాకించారు. అట్ట వెనక్కి పోయింది.

"ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారు చేశావు. ఒకడు తోస్తుంటే ఇంకొకడు లాగుతున్నాడయ్యా. మధ్యలో గాలి ఎటు కదుల్తుంది?" అన్నారు.

నిమిషంలో సరిచేశారు. హాలు అదిరింది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఆ రోజు నుంచి మూర్తి గారు ఏం చెప్పినా నాకు అదే చివరి మాట.

ఆయన గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. పనిలో ఆయనంత శుభ్రమైన మనిషిని నేను చూడలేదు. తీగకి అతుకు పడితే ఒప్పుకునేవారు కాదు. మాకు చేతికి పని నేర్పింది ఆయనే. అయితే ఆయన రోజుకొకసారైనా అనే మాట ఒకటుండేది. "చెవిని నమ్మకు, మీటర్‌ని నమ్ము. చెవికి ఆకలేస్తే ఒకలా, నిద్రొస్తే ఒకలా వినపడుతుంది." ఇందులో నిజం ఉంది. కానీ చెవిని నమ్మొద్దన్న మాట కాస్తా, చెవి గురించి చెప్పేవాళ్లని నమ్మొద్దు అన్నట్టుగా మా అందరిలో పాతుకుపోయింది. ఎప్పుడు అలా మారిందో ఆయనకీ తెలిసి ఉండదు. మాకూ తెలియలేదు.

మార్తమ్మ చెప్పిన గోడ

అసలు సంగతి నా ఉద్యోగం ఇంకా కొన్నేళ్లే ఉందనగా జరిగింది.

భీమవరానికి దగ్గర్లో ఒక ఊళ్లో రాజు గారని చేపల చెరువులున్న ఆసామీ. తండ్రి కట్టించిన హాలుని కొత్త చేశారు. కొత్త తెర, మెత్తటి కుర్చీలు, చుట్టూ సరౌండ్ స్పీకర్లు, తెర వెనక నాలుగు ఊఫర్లు. ప్రతిధ్వని రాకుండా గోడలకి గుడ్డ తొడిగిన చెక్క పలకలు బిగించారు. పలకల పని వడ్రంగులది, సౌండు పని నాది.

"గుండె అదరాలండి. భీమవరం వాళ్లు మన ఊరొచ్చి సినిమా చూడాలి," అన్నారు రాజు గారు. నేను అదిరేలాగే పెట్టాను.

హాలు తెరిచిన పది రోజులకి ఫోన్ చేశారు. "మా మార్తమ్మ ఏదో అంటోందండి. బాల్కనీలో టార్చి వేసి జనాన్ని కూర్చోబెట్టే ఆవిడ. నాకు అర్థం కావట్లేదు. మీరోసారి వచ్చి వినండి."

మర్నాడు పొద్దున్న, మొదటి ఆటకి ముందే వెళ్లాను. మార్తమ్మకి యాభై ఏళ్లు ఉంటాయి. నీలం చీర, చేతిలో టార్చి. బాల్కనీ ఆఖరి వరుస చివర ఒక ఎత్తు పీట ఉంది. రోజుకి నాలుగు ఆటలూ ఆమె కూర్చునేది దాని మీదే. నన్ను అక్కడికి తీసుకెళ్లింది.

"తెర మీద బాంబులు పేలినప్పుడు మోత తెర దగ్గర్నుంచి రావట్లేదండి. ఇదిగో, ఈ కుడి చేతి గోడలోంచి వస్తోందండి," అంది.

"ఆ గోడకి ఉన్నవి చిన్న స్పీకర్లమ్మా. వాటిలోంచి అంత మోత రాదు. వాటి బేస్ కూడా తెర వెనక డబ్బాలకే పంపించాం."

"అవునేమోనండి. కానీ ఇక్కణ్ణుంచే వస్తోందండి."

నేను నవ్వి, చెవులూ అలలూ ఇరవై ఎనిమిది అడుగులూ అన్నీ చెప్పాను. చాలామందికి చెప్పిందే. ఆమె ఓపిగ్గా విన్నది.

"బేస్ ఎటు నుంచి వచ్చేదీ మనిషికి తెలీదమ్మా. అది సైన్సు," అన్నాను.

"మరి నాకెందుకు తెలుస్తోందండీ?" అంది.

అది వాదన కాదు. నిజంగానే అడిగింది. శబ్దం కొలిచే మైకు బయటికి తీశాను. ఆమె పీట దగ్గర మైకు పెట్టి, పరీక్షకి వాడే హోరు శబ్దం నడిపించి, ల్యాప్‌టాప్‌లో ఆ శబ్దం ఎత్తుపల్లాలు చూపించే గీత చూశాను. గీత శుభ్రంగా ఉంది. ఆమె పీట మీద నేనే కూర్చుని విన్నాను. నాకు మోత ముందు నుంచే వచ్చింది.

ఒక్క తప్పు మాత్రం దొరికింది. ఊఫర్లకి ఎనభై హెర్ట్జ్ దాకా పంపాల్సిన శబ్దాన్ని నూట ఇరవై దాకా పంపిస్తూ వదిలేశాను. అంత పైకి వెళ్తే బరువైన గొంతుల అడుగు భాగం కూడా అందులో చేరుతుంది, దిక్కు తెలియడం మొదలవుతుంది. దాన్ని దించాను. ఇదే అయ్యుంటుందని సంతోషపడ్డాను. సినిమాలో పేలుడు ఉన్న చోటు ఒకసారి వేయించి, "ఇప్పుడు?" అని అడిగాను.

"గొంతులు బాగున్నాయండి. గోడ మాత్రం అలాగే ఉందండి."

నాకు కాస్త చిరాకేసింది. మూర్తి గారికి ఫోన్ చేశాను. అప్పటికి ఆయన కంపెనీలో పెద్ద. "తెర వెనక మోత పక్క గోడలోంచి వినపడటం అసాధ్యం. గీత బాగుందిగా? లోపం లేదని రాసిచ్చి వచ్చెయ్," అన్నారు.

లోపం లేదని రాసి సంతకం పెట్టి రాజు గారికి ఇచ్చాను. వస్తుంటే మార్తమ్మ మెట్ల దగ్గర కనిపించింది. "ఏం భయం లేదమ్మా," అని చెప్పి వచ్చేశాను. భయం అని ఆమె అనలేదు. ఆ మాట నా నోటెందుకు వచ్చిందో నాకు తెలియదు.

మధ్యాహ్నం ఆట

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటలో ఆ కుడి గోడ పలక ఊడి పడింది. మనిషి ఎత్తు చెక్క చట్రం, లోపల కూరిన దూది, మీద గుడ్డ. ఎవరైనా కింద ఉంటే తల పగిలేది. అది ఆఖరి వరుసలో నాలుగు కుర్చీల మీద పడింది. హాలు నిండా జనం. ఆ నాలుగు కుర్చీలే ఖాళీ. ఆలస్యంగా వచ్చిన ఇద్దరికి దారి చూపిస్తున్న మార్తమ్మ ముంజేతి మీద చట్రం మూల తగిలి ఎముక విరిగింది.

సంగతి తెలిసి మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. దారిలో ఉండగా మూర్తి గారి ఫోన్. "పలకలు వడ్రంగి బిగించినవి. మన పేరు అందులోకి రానివ్వకు."

హాల్లో రాజు గారు ఆ కుర్చీల పక్కన నిలబడి ఉన్నారు. మొహం పాలిపోయి ఉంది.

"ఇది పడుతుందని మార్తమ్మకి ముందే తెలుసంటండి. ఈ నాలుగు కుర్చీలూ విరిగాయని కౌంటర్లో అబద్ధం చెప్పి, రెండు వారాల నుంచి ఎవర్నీ కూర్చోనివ్వలేదంట. తెలిసినప్పుడు నాకు చెప్పాలి కదండీ? ఎవరి ప్రాణమైనా పోతే?" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మీరొచ్చినప్పుడు ఈ పలక సంగతి మీకేవైనా చెప్పిందా?" అని అడిగారు.

"మోత గురించి ఏదో అందండి. గోడ పడుతుందని మాత్రం అనలేదు," అన్నాను.

ఈ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా ఇంతకన్నా పెద్ద అబద్ధం నేను చెప్పిన గుర్తు లేదు.

"నా హాల్లో ఏం జరుగుతోందో నాకే తెలీకపోతే ఎలాగండీ? చెయ్యి బాగయ్యాక కూడా ఇంక పన్లోకి రావద్దని చెప్పేస్తాను. ఆసుపత్రి సంగతి నేను చూసుకుంటాను, అది వేరు," అన్నారు రాజు గారు.

పడిన పలకని చూస్తూ నిలబడ్డాను. ఆరు మరల్లో నాలుగు బయటికి వచ్చేసి ఉన్నాయి. గోడ వైపు సున్నం గుండ్రంగా రాలిపోయి ఉంది, చట్రం వందలసార్లు కొట్టుకున్నట్టు. అప్పుడు అర్థమైంది. బేస్ వచ్చినప్పుడల్లా ఆ పలక వణికి గోడకి టకటకమని తగులుతోంది. ఆ టకటక సన్నటి చప్పుడు, దాని దిక్కు చెవికి తెలుస్తుంది. మోతా ఆ టకటకా ఒకేసారి వస్తే, మోత కూడా అక్కణ్ణుంచే వచ్చిందని మెదడు జత కట్టేస్తుంది. గురగురని లారీకి అతికించే మాయే ఇది. మేం కావాలని చేసేదాన్ని ఆ గోడ తనంతట తాను చేసింది.

పుస్తకం తప్పు కాదు. ఆమె కూడా తప్పు కాదు. ఇద్దరూ నిజమే చెప్పారు. మరి ఆ పీట మీద కూర్చుని విన్న నాకు ఆ టకటక ఎందుకు వినపడలేదు?

చెవి డాక్టరు

వారం తిరక్కుండా కాకినాడ వెళ్లి చెవులు చూపించుకున్నాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నా చెవులు పోయాయని తేలితే బాగుండునని ఆ గదిలో కోరుకున్నాను. సౌండు పని చేసేవాడు కోరుకోవాల్సిన కోరికేనా అది?

డాక్టరు గారు కాగితం చూసి, "మీ వయసుకి బాగానే ఉన్నాయండి. కీచుమనే పై శబ్దాలు కొంచెం తగ్గాయంతే," అన్నారు.

"చెక్క గోడకి కొట్టుకునే టకటక నాకు వినపడుతుందాండీ?"

"శుభ్రంగా వినపడాలి. ఏం?"

ఏం అంటే ఏం చెప్పను? నేను పెట్టిన హోరు శబ్దానికి పలక కదిలి ఉండదు, సినిమా పేలుళ్లకే కదిలి ఉంటుందని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. కానీ పేలుడు కూడా వేయించి విన్నాను కదా. ఆ రోజు మరలు ఇంకా అంత వదులు కాలేదేమో. మరి ఆమెకి ఎలా వినపడింది? ఒకే సినిమాని రోజుకి నాలుగు ఆటలు వింటే, అందులో లేని చప్పుడు ఏదో తెలిసిపోతుందేమో. లేక, లోపం లేదని ముందే అనుకుని కూర్చున్నందువల్ల నాకు వినపడలేదేమో. వీటిలో ఏది నిజమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

వీధి అరుగు మీద

కాకినాడ నుంచి వచ్చాక రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. మూడో రోజు మార్తమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కంగారుగా లేవబోయింది.

"కూర్చోండి మార్తమ్మ గారూ," అన్నాను. అప్పటిదాకా నేను ఆమెని గారు అనలేదని అప్పుడే తట్టింది. "తప్పు నాదండి. మీరు చెప్పింది నేను వినలేదు. రాజు గారి దగ్గర కూడా నిజం చెప్పలేదు."

ఆమె నా వైపు అర్థం కానట్టు చూసింది. "మీరు లేదన్నాక నా చెవే తప్పేమో అనుకున్నానండి. చదువుకున్న మనిషి మిషను పెట్టి చూశాడు కదా అని. రెండు రోజులు చెవుల్లో దూది పెట్టుకుని పని చేశానండి. చప్పుడు తగ్గింది. సరే, చెవిదే తప్పు అనుకున్నాను. తర్వాతొకసారి గోడకి చెయ్యి ఆనించాను. చేతికి కూడా తెలుస్తోందండి. చెవీ చెయ్యీ రెండూ తప్పవుతాయా?"

"అప్పుడు రాజు గారికి చెప్పాల్సింది కదండీ?"

"ఏం చెప్పమంటారండీ? లోపం లేదని మీరు కాగితం రాసిచ్చారు. గోడ కదులుతోందంటే నవ్వుతారు. కుర్చీలు విరిగాయంటే నమ్ముతారు."

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఏదైనా ఉంటే ఆమె చెప్పిన ఈ మాటే. మనం రాసిచ్చే కాగితం ఎంతమంది నోళ్లు మూయిస్తుందో సంతకం పెట్టేటప్పుడు మనకి తెలియదు.

అక్కణ్ణుంచి నేరుగా రాజు గారి ఇంటికి వెళ్లాను. ఆయన ముందు గదిలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోడలోంచి వస్తోందని ఆమె నాకు వేలు పెట్టి చూపించిందనీ, నేను నవ్వాననీ, లోపం లేదని రాసింది నేనేననీ చెప్పాను.

ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టారు.

"మరి ఆ రోజు అడిగితే ఎందుకు చెప్పలేదండీ?"

"భయం వేసిందండి."

"దేనికి?"

ఉద్యోగానికా, మూర్తి గారికా, పేరుకా? "తెలీదండి," అన్నాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన కూడా నాలాగే అయోమయంగా కనిపించారు. "నా దగ్గరకొచ్చి చెప్పడానికి ఆవిడకి భయం, మీకూ భయం. నేనేమన్నా రాక్షసుణ్ణా అండీ?" అన్నారు. కాసేపాగి, "ఆవిణ్ణి నేనే వెళ్లి పిలుస్తాను," అన్నారు.

మూర్తి గారు మాత్రం, "నిన్నెవరు అడిగారని చెప్పుకున్నావు?" అని నాతో కొన్ని నెలలు మాట్లాడలేదు. తను ఉద్యోగం మానేసే రోజుల్లో ఒకసారి ఆయనే నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగారు. "నిజంగానే ఆవిడకి వినపడిందంటావా?" వినపడిందన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఏం అనుకున్నారో నాకు తెలియదు.

హాలంతా మళ్లీ

కట్టు విప్పాక మార్తమ్మ గారు పనిలోకి వచ్చారు. ఆమె ఒక్కటే అడిగారట. "ఇంజినీరు గారు వచ్చి మిగతా గోడలు కూడా నా ఎదురుగా చూడాలండి." రాజు గారు పలకలన్నీ విప్పించి పొడుగు మరలతో మళ్లీ బిగించారు. తర్వాత ఒక పొద్దున్న మేం ముగ్గురం ఖాళీ హాల్లో చేరాం.

ఇరవై హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి ఒకే స్వరాన్ని మెల్లగా పైకి పెంచుతూ వెళ్లాను. మార్తమ్మ గారు ఒక చేత్తో గోడ తడుముకుంటూ నడిచారు. ఆగిన చోటల్లా "ఇక్కడండి" అనేవారు. నేను సుద్దముక్కతో గుర్తు పెట్టేవాణ్ణి. బయటికెళ్లే తలుపు గడియ ఒకటి, ఏసీ జల్లెడ ఒకటి, వదులైన కుర్చీ కాళ్లు రెండు వరుసల్లో దొరికాయి. నాకు వాటిలో సగం ముందు వినపడలేదు. ఆమె చూపించాక వినపడ్డాయి. చూపించాక వినపడినదాన్ని వినపడిందనాలా వద్దా, అదీ నాకు తెలియదు.

స్వరం ముప్పై దాటాక ఆమె మధ్య వరుసల దగ్గర, నడిచే దారిలో ఆగిపోయారు.

"ఇక్కడండి. కింద నుంచి."

నేను వెళ్లి నేల మీద కూర్చుని అరచెయ్యి ఆనించాను. సన్నగా ఏదో ఉన్నట్టుంది, లేనట్టూ ఉంది. మైకు పెట్టాను. గీతలో ఏమీ లేదు. రాజు గారు కూడా పంచె సర్దుకుని కూర్చుని చెయ్యి ఆనించారు.

"నాకు ఈ పక్కకి తెలుస్తోందండి," అన్నారు, బారెడు దూరం చూపిస్తూ.

నాకు ఆ రెండు చోట్లకీ మధ్యలో ఎక్కడో అనిపించింది. ముగ్గురం అలా నేల మీద చేతులు పెట్టుకుని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"దీని కింద ఏముందండీ?" అడిగాను.

"మట్టి. ఇంకేముంటుంది? నాన్నగారు పునాది తీయించినప్పుడు నేను చిన్నవాణ్ణి," అన్నారు రాజు గారు. తర్వాత బిల్డింగు ఇంజినీరుని కూడా పిలిపించారు. ఆయన సుత్తితో తట్టి, పునాది చుట్టూ తిరిగి, ఏమీ లేదన్నాడు. కాగితం రాసిస్తానంటే రాజు గారు వద్దన్నారు. ఆ నేల కింద ఏదో ఉందా, లేక అన్ని గోడల మోతా అక్కడ కలుస్తోందా, లేక ఆ పొద్దున్న మేం ముగ్గురం లేనిదాన్ని విన్నామా అన్నది ఈ రోజుకీ మాలో ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున్న మాత్రం రాజు గారు నేల మీద నుంచి లేవకుండానే, "ఏం చేద్దామండీ?" అని అడిగారు.

గుండె అదరాలని కోరిన మనిషాయన. నా దగ్గర మూడు జవాబులు ఉన్నాయి. ఏదీ నేను నమ్మడం లేదు.

"తెలిసేదాకా మోత తగ్గిద్దామండి," అన్నాను.

ఆయన సరేనన్నట్టు తల ఊపారు. నేను లేచి ప్రొజెక్టర్ గదిలోకి వెళ్లాను. అక్కడి అద్దంలోంచి మార్తమ్మ గారు కనిపిస్తున్నారు. వంగి, బాగైన చేతిని నేల మీద ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నారు. నేను మీటర్ వైపు చూడలేదు. ఆమె నేల మీద నుంచి చెయ్యి తీసేదాకా మెల్లగా తగ్గించుకుంటూ వెళ్లాను.